చేపల పెట్టెలో కట్టిన కోళ్లగూడు

చలికాలానికి పనికొచ్చే కోళ్లగూడు గురించి ఆలోచించడానికి సింగపూరంత పనికిరాని ఊరు ఇంకోటి ఉండదు. ఇక్కడ డిసెంబరైనా మే అయినా ఒకటే ఉక్క. మా అబ్బాయి ఫ్లాటు పుంగ్గోల్‌లో పదకొండో అంతస్తు. కిటికీలోంచి చూస్తే ఎదుటి బ్లాకు, దాని వెనక ఇంకో బ్లాకు, మధ్య సందులోంచి బొమ్మలాంటి చిన్న రైలు. కోడి అన్నది మార్కెట్లో ప్లాస్టిక్ పళ్లెంలో, తల లేకుండా, చర్మం లేకుండా దొరుకుతుంది. అయినా గూడు సంగతి నా మీద పడింది. మా చెల్లెలు అడిగింది కాబట్టి పడింది.

మాది నర్సీపట్నం వైపు మైదానం. నా చెల్లెల్ని మాత్రం పైన లంబసింగి దగ్గర ఒక కొండూరిలో ఇచ్చారు. వాళ్లకి కాఫీ, మిరియాలు ఉన్నాయి. అక్కడి చలి మన చలి కాదు. మార్గశిరం వచ్చిందంటే తెల్లవారేసరికి గడ్డి మీద ఉప్పు చల్లినట్టు మంచు పేరుకుంటుంది. ఆ మంచు చూడటానికి పట్నాల నుంచి జనం కార్లేసుకుని వస్తారు. టెంట్లలో పడుకుని, వణికి, ఫొటోలు తీసుకుని పోతారు. డబ్బిచ్చి వణకడం నాకు అర్థం కాదు. కానీ వాళ్లు వస్తారు, చెల్లెలి మొగుడు, అంటే మా మరిది, వాళ్లకి ఇంటి ముందు టెంట్లు వేస్తాడు.

ఇంటి వెనక దొడ్డి మా చెల్లెలి కోళ్లది. అన్నీ నాటుకోళ్లు. గుడ్లు, పుంజులు, పెట్టలు ఏవి అమ్మినా ఆ డబ్బు దాని చేతిలో పడుతుంది. మొగుణ్ణి అడక్కుండా ఇంట్లో ఒక మాట చెల్లాలంటే ఆడదాని చేతిలో ఏదో ఒకటి ఉండాలి. దానికి ఆ కోళ్లే ఉన్నాయి.

నిరుడు చలికాలం వాటిలో సగం పోయాయి. దొడ్డిలోంచి చూస్తే లోయ మొత్తం కనిపిస్తుంది. మేఘాలు కింద పడి ఉంటాయి. టెంటువాళ్లు అక్కడికెళ్లి ఫొటోలు తీసుకోవడం మా మరిది చూశాడు. కోళ్లు పోయాక దొడ్డి సగం ఖాళీగా ఉండటం కూడా చూశాడు. ఈసారి కూడా కోళ్లు చస్తే దొడ్డి టెంట్లకి ఇచ్చెయ్యాలన్నాడు. నిలబడితే దొడ్డి నీదే, ఇంక ఆ మాట ఎత్తను అన్నాడు. మాట మీద నిలబడే మనిషే. అదే మా చెల్లెలి భయం.

"అక్కా, నువ్వే ఏదో ఒకటి సెప్పాల," అంది ఫోన్లో. "ఈయన గూడు కడితే కోటలాగుంటాది. కోళ్లు మాత్రం లోన సచ్చిపోతన్నాయి."

"నేనేం చెప్తానే? నేనున్న చోట చెమటకాయలు తప్ప చలి లేదు."

"నీ కోడలు ఇంజినీరు గదా."

"అది కంప్యూటర్ ఇంజినీరే. కోడి ఇంజినీరు కాదు."

"మరేటి సేస్తాం? నాకు ఇంకెవరున్నారు అడగడానికి?"

ఇంక కాదనలేకపోయాను.

మా మరిది కట్టిన గూడు వీడియోలో చూశాను. పని తీరుగానే ఉంది. వెదురు తడికలు, పైన రేకు, చుట్టూ టెంట్ల ప్లాస్టిక్ గుడ్డ రెండు వరసలు కప్పి, తాళ్లు బిగించి, కింద అంచులకి మట్టి మెత్తాడు. లోపలికి గాలి పోగు కూడా దూరదు. ఊళ్లో వాళ్లంతా వచ్చి మెచ్చుకున్నారట. అందులోనే కోళ్లకి గొంతు గురగురలాడింది. కూచునే వెదుళ్లు పొద్దున్నే తడిగా ఉండేవి. పుంజుల తలమీది ఎర్రజుట్టు కొసలు నల్లబడి రాలాయి. వారం తిరక్కుండా ఒకటి తర్వాత ఒకటి పోయాయి.

చలి ఇంకా ఎక్కడో దూరుతోందనే నేనూ అనుకున్నాను. చిన్నప్పుడు మా అమ్మ రాత్రిళ్లు కోళ్లని గంప కింద మూసి, చలిరోజుల్లో గంప మీద గోనె కప్పేది. ఒక గోనెకి ఆగని చలికి రెండు గోనెలు. ఇంతే కదా లెక్క. పాత క్యాలెండరు కాగితం వెనక ఒక గూడు గీశాను. ప్లాస్టిక్ మీద గోనెలు, గోనెల మీద గడ్డి, గడ్డి మీద మట్టి. తలుపుకి కూడా గోనె పరదా. నేను చదివింది అయిదో తరగతి. ఇల్లు గియ్యమంటే ఇప్పటికీ పైన త్రికోణం, కింద చతురస్రం గీస్తాను. కోళ్లకి అది చాలు.

మా కోడలు ఆ కాగితం చూసింది. దాని ఉద్యోగం ఏమిటంటే, వేరేవాళ్లు రాసిన ప్రోగ్రాముల్లో తప్పులు వెతకడం. అలాంటి ఉద్యోగానికి దానికన్నా సరైన మనిషి దొరకదు. నా వంట మీద కూడా అదే పని చేస్తుంది.

"అత్తయ్యా, దీన్లో గాలి ఎక్కడి నుంచి వెళ్తుంది?"

"వెళ్లకూడదనే కదమ్మా కట్టేది."

"ఒక్క నిమిషం ఉండండి." ఫోన్లో వెతికి ఒక వీడియో పెట్టింది. మోకాలి లోతు మంచు పడే దేశంలో ఒక ఆవిడ తన కోళ్లగూడు చూపిస్తోంది. రంగులేసిన గూడు. కిటికీకి పూల పూల గుడ్డ. మా పెళ్లినాటి ఇంటికి కూడా అలాంటి గుడ్డ లేదు. ఆవిడ గూటి లోపలికి వంగి పైకి చూపించింది. కప్పు కింద, గోడలు ముగిసే చోట, రెండు పక్కలా బారుగా సందు. కావాలనే వదిలేశారట. దీపం లేదు, కుంపటి లేదు.

"చూశారా, వెంటిలేషన్," అంది కోడలు.

"చూశాను. బయట అంత మంచు పెట్టుకుని గోడకి కన్నాలు పెట్టుకుంది. కిటికీకి మాత్రం గుడ్డ కట్టింది. ఆవిడ మాట వినమంటావా?"

"ఆవిడ కోళ్లు బతికే ఉన్నాయి కదండీ."

ఆ రాత్రి పప్పులో ఉప్పు తక్కువైందని కూడా అది చెప్పింది. అది నిజమే.

మర్నాడు కూరలకి వెళ్లినప్పుడు చేపల కొట్టు దగ్గర ఆగాను. మార్కెట్లో చేపలు తెల్ల థర్మోకోల్ పెట్టెల్లో మంచుగడ్డల మధ్య వస్తాయి. పెట్టెలు ఖాళీ అయ్యాక పక్కన గుట్ట వేసి పారేస్తారు. అంత గట్టి పెట్టెలు పారేస్తుంటే నాకు మొదటి నుంచీ మనసొప్పేది కాదు. చేపల అంకుల్‌ది చైనా వాళ్ల భాష, నాది మన భాష. మధ్యలో నాలుగు ఇంగ్లీషు ముక్కలు.

"బాక్స్," అన్నాను, గుట్ట చూపించి.

"వై, ఆంటీ? స్మెల్లీ వన్."

"నెవర్ మైండ్. వాష్."

"టేక్, టేక్. టూ, త్రీ, ఆల్ కెన్."

మూడు తీసుకున్నాను. లిఫ్టులో పక్కన నిలబడ్డ మనిషి ముక్కు మూసుకున్నాడు. బాత్రూంలో కుంకుడు రసంతో, తర్వాత చింతపండు పిప్పితో తోమాను. అయినా మబ్బు పట్టిన రోజున కొంచెం వాసన వచ్చేది. మా అబ్బాయి ఇంటికొచ్చి, "అమ్మా, ఇల్లు చేపల రేవులా ఉంది," అన్నాడు. "మీ పిన్ని కోళ్ల కోసం," అన్నాను. వాడే వెళ్లి కిటికీ తెరిచాడు. వాడికి పిన్ని అంటే ప్రాణం.

నా గూడు మంచిదో, ఆ వీడియో ఆవిడ గూడు మంచిదో ఇక్కడే కట్టి చూద్దామనుకున్నాను. పెట్టెలే గూళ్లు. కోళ్లెక్కడివి? అక్కడ కోడలి బుర్ర పనికొచ్చింది. స్టీలు గ్లాసుల్లో వేడినీళ్లు పోస్తే అవే కోళ్లు అంది. కోడి కూడా వెచ్చగా ఉంటుంది, ఆవిరి వదులుతుంది. గ్లాసు కూడా అంతే. ఒప్పుకున్నాను. మరి చలి? చలి మా అబ్బాయి పడగ్గదిలో గోడకి తగిలించి ఉంది.

ఇంట్లో ఏసీ వేసే విషయంలో నాకో పద్ధతి ఉంది. పగలు వెయ్యకూడదు, ఫ్యాను చాలు. రాత్రి కూడా నిద్రపట్టాక ఆపెయ్యాలి. ఆ పద్ధతి ఇంట్లో ఎవరికీ నచ్చదు. ఆ రోజు మధ్యాహ్నం నేనే ఏసీ వేసి, రిమోటు మీద అంకె ఇంక కిందికి దిగనన్నంత వరకు నొక్కాను. బడి నుంచి వచ్చిన మనవరాలు గుమ్మంలో నిలబడిపోయింది.

"మమ్మీ, కమ్ సీ. నానమ్మ ఏసీ వేసింది లా." మాట చివర ఆ 'లా' ఇక్కడి బడిలో పట్టుకున్నది.

"తలుపు ముయ్యి. చలి పోతుంది," అన్నాను.

"ఎవరికి?"

"కోళ్లకి."

అది గ్లాసుల్ని చూసింది, నన్ను చూసింది. "నానమ్మా, దే ఆర్ నాట్ ఈవెన్ చికెన్," అని వెళ్లిపోయింది.

మొదటి పెట్టె నా గూడు. నాలుగు గ్లాసులు పెట్టి, అడుగున దినపత్రిక పరిచి, మూత వేసి అంచుల చుట్టూ టేపు అంటించాను. రెండో పెట్టె ఆ మంచుదేశపు ఆవిడ గూడు. అలాంటివే నాలుగు గ్లాసులు, అలాంటిదే కాగితం, కానీ మూతకి కింద రెండు పక్కలా రెండువేళ్ల సందు, గ్లాసుల కన్నా బాగా పైన. మూడోది కోడలి కోరిక. సందు కింద, గ్లాసుల మట్టంలో. ఎదురుగా టేబుల్ ఫ్యాను పెట్టాం, కొండగాలికి బదులు. నా పెట్టే గెలుస్తుందని నాకు అనుమానం లేదు. అందుకే టేపు రెండు చుట్లు వేశాను.

సాయంత్రం టీ పెట్టే వేళకి తెరిచాం. ముందు మూడోది. గ్లాసులు కుండలో నీళ్లంత చల్లగా ఉన్నాయి. గాలి నేరుగా తగిలితే ఏ ప్రాణికైనా అంతే. తర్వాత నాది. మూత ఎత్తగానే చినుకులు నా చేతి మీద పడ్డాయి. మూత లోపలివైపు మొత్తం నీటిబొట్లు, ఇడ్లీపాత్ర మూతకి పట్టినట్టు. అడుగున కాగితం నాని మెత్తబడి వేలికి అంటుకొచ్చింది. గ్లాసులు వెచ్చగానే ఉన్నాయి. రెండో పెట్టె మూత పొడిగా ఉంది. కాగితం గలగలలాడింది. నీళ్లు నా పెట్టెలో నీళ్లకన్నా కొంచెం చల్లబడ్డాయి.

"కొంచెం అంటే ఎంత?" అంది కోడలు.

వేలు ముంచి చూశాను. "పాలు తోడెయ్యడానికి సరిపోయే వేడి నా పెట్టెలో. ఇంకాస్త ముందే తోడెయ్యాల్సిందే అనిపించే వేడి ఆవిడ పెట్టెలో."

"అంతేనా తేడా?"

"అంతే."

ఆ కొంచెం తేడా కోడి ఈకలు చూసుకుంటాయి. దేవుడు వాటికి ఆ కోటు తొడిగే పంపాడు. కానీ ఆ కోటు తడిసిందంటే దానివల్ల లాభం లేదు. మూసిన గూట్లో కోళ్లు రాత్రంతా ఊపిరి వదులుతాయి, రెట్ట వేస్తాయి. ఆ ఆవిరంతా ప్లాస్టిక్‌కి తగిలి, చల్లబడి, నీళ్లయి మళ్లీ వాటి మీదే పడుతుంది. మా చెల్లెలి కోళ్లని చంపింది చలి కాదు. వాటి ఊపిరే తిరిగి వాటి మీద పడింది.

కోడలు నా వంక చూసింది. నేను టీ గిన్నె దించాను. తను కప్పులు తెచ్చింది. దానికి ఆ మర్యాద ఉంది.

గాలి ఎటు పోతుందో చూడాలంటే అగరువత్తి మంచిదని నాకే తట్టింది. రెండో పెట్టెలో, గ్లాసుల పక్కన వెలిగించిన వత్తి పెట్టాను. పొగ కింద కదలకుండా నిటారుగా లేచింది. పైకి పోయాక మెల్లగా వంగి సందులోంచి బయటపడింది. కోడి కూచునే చోట గాలి కదలకూడదు, దాని నెత్తి పైన కదలాలి. అంతకంటే చెప్పాల్సింది ఏమీ లేదు.

"అత్తయ్యా, పొగకి అలారం మోగుతుందేమో చూడండి," అంది కోడలు సీలింగు వైపు చూస్తూ.

"దేవుడి దగ్గర రోజూ వెలిగించే వత్తికి మోగని అలారం కోళ్లకి మోగుతుందా?"

మోగలేదు.

కొత్త కాగితం మీద కొత్త గూడు గీసి ఫొటో పంపించాం. ఈసారి మా మరిదే ఫోన్ చేశాడు. పక్కన చెల్లెలి ముఖం సగం కనిపిస్తోంది.

"వదినా, సలికాలం గూటికి కన్నాలెట్టమంటారా? ఊరంతా నవ్విపోద్ది."

"నవ్వనీ బాబూ. వాళ్లు నవ్వితే చలి పెరగదు కదా."

"నాను ఇంకో మాటనుకున్నాను. లోన పెద్ద బల్బు ఎడదాం. రేత్రంతా ఎలుగుతాది, ఎచ్చగుంటాది."

"మీ కొండ మీద కరెంటు ఉంటుందా రాత్రంతా?"

"పోతాది, వస్తాది."

"పోయినప్పుడు కోడి ఏం చెయ్యాలి? లైన్‌మన్‌కి ఫోన్ చెయ్యాలా?"

పక్క నుంచి మా చెల్లెలు నవ్వింది. ఆయనకి నచ్చలేదు. "మరి కుంపటి?" అన్నాడు.

"తడికలు, ఊక, గడ్డి. అందులో నిప్పు. ఇంకా నయం, కోళ్లు వండినట్టే ఉంటుంది."

గూడు ఆయన కట్టాడు, ఊరు మెచ్చుకుంది. ఎక్కడో సముద్రం అవతల కూచున్న ఆడది చేపల పెట్టె చూసి తప్పు పడితే ఏ మగవాడికైనా కష్టమే. "గాలి తగిలితే కోడి సస్తాది వదినా. నాకు తెలవదా?" అన్నాడు చివరికి.

అప్పుడు మా చెల్లెలు ఫోన్ తన వైపు తిప్పుకుంది. కానీ మాట్లాడింది నాతో కాదు, ఆయనతో.

"పొద్దున్నే టెంటోళ్లు లెగిసి ఏటంటారు?"

"ఏటంటారు?"

"రేత్రి లోన వాన పడిందనరా? దుప్పట్లు తడిసిపోనాయనరా? ఆకాశంలో మబ్బు కూడా నేకపోయినా?"

"అంటారు."

"అప్పుడు నువ్వేటి సెప్తావు?"

"పైన జిప్పు బెత్తెడు తీసి పడుకోండని సెప్తాను."

"మనిషికి జిప్పు తీస్తావు. కోడికి తియ్యవా?"

ఇక్కడ మా కోడలు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. అక్కడ మా మరిది తల గోక్కున్నాడు.

"టెంటుకి జిప్పుంది. గూటికి జిప్పెక్కడిదే?"

"అదే అక్క సెప్తన్నాది."

నేను చెప్పిన దానికన్నా మా చెల్లెలు అడిగిన ఆ ఒక్క ప్రశ్నకే ఆయన లొంగాడు. టెంట్ల సంగతి ఆయనకి తెలుసు. టెంటూ గూడూ ఒకటేనని మాత్రం ఎప్పుడూ అనుకోలేదు. ఒకటి గిరాకీ ఇచ్చే మనుషులది, ఒకటి ఆడదాని కోళ్లది.

కార్తీకం పోకముందే గూడు లేచింది. పాతదానికన్నా చిన్నది. పెద్ద గూట్లో కోళ్ల వేడి పల్చబడిపోతుందని చెప్పాను. నేల తడి తగలకుండా మోకాలెత్తు రాళ్ల మీద నిలబెట్టాడు. తడికలకి లోపలా బయటా మట్టి, పేడ కలిపి పూశాడు. కోడి నెత్తి మీద మూరెడు ఖాళీ, ఆ పైన చూరు కింద రెండు పక్కలా జానెడు సందు. బావురుపిల్లి దూరకుండా సందుకి ఇనప వల. మంచు లోపలికి రాకుండా చూరు బాగా కిందికి దించాడు. రేకుకి చెమట పట్టకుండా పైన బోదగడ్డి మందంగా కప్పాడు. తలుపు తూర్పుకి, తొలి ఎండ పడేలా. తాగే నీళ్లు గూట్లో ఉండవు. పగలు దొడ్డిలో పెట్టి సాయంత్రం తీసెయ్యాలి.

వెదుళ్లు తీసేసి పలకలు వెయ్యమన్నది నా సొంత ఆలోచన. గుండ్రటి వెదురు పట్టుకుని కూచుంటే కాలివేళ్లు బయటికి ఉంటాయి. నాలుగువేళ్ల వెడల్పు పలకైతే కోడి పాదం చదునుగా పెట్టి, పొట్ట ఈకలు దాని మీదికి దించుకుని కూచుంటుంది. మంచుదేశపు ఆవిడ కూడా పలకలే వేసిందని తర్వాత కోడలు చూపించింది. సరే, ఆవిడకీ తెలుసు.

కింద ఊక, ఎండుటాకులు, కాఫీ పొట్టు జానెడు మందాన. ఇక్కడ మా చెల్లెలికీ నాకూ కొంచెం మాటా మాటా వచ్చింది. అది రోజూ పొద్దున్నే గూడు ఊడ్చి నున్నగా పెడుతుంది. ఊడ్వకూడదు, పొడి ఊక పైపైన చల్లుతూ పోవాలి, చలి అయ్యాకే తీయాలి అన్నాను. "నా గూడు కంపు కొడతాదా?" అంది. "కంపు కొడితే సందు చాలలేదన్నమాట. చీపురు మాత్రం ముట్టుకోకు," అన్నాను. దానికి అది కోళ్లకన్నా కష్టమైంది.

చివరగా అగరువత్తి. ఫోన్ గూట్లో పెట్టి, పలక మీద వత్తి వెలిగించి చూపించారు. కొండగాలి కొడుతోంది, చెల్లెలి పైట చెంగు ఎగురుతోంది. లోపల పొగ నిటారుగా లేచి, పైన వంగింది. ఒక మూల మాత్రం పక్కకి చెదిరింది. మా మరిది ఏమీ అనకుండా పోయి మట్టి తెచ్చి ఆ మూల తడిక మీద మెత్తాడు. మళ్లీ వెలిగించాడు. ఈసారి నిలబడింది. అదొక్కటే ఆయన తనంతట తాను రెండోసారి చేసి చూసిన పరీక్ష.

ఆ తర్వాత చలి వచ్చింది. నా ఫోన్లో మనవరాలు మా చెల్లెలి ఊరి వాతావరణం పెట్టి ఇచ్చింది. పక్కపక్కనే రెండు అంకెలు, ఇక్కడిదీ అక్కడిదీ. ఇక్కడ నేను చెమట తుడుచుకుంటూ అక్కడి అంకె చూసేదాన్ని. అది రోజురోజుకీ దిగింది. ఒక వారమంతా పొగమంచు విడవలేదు, మధ్యాహ్నానికి కూడా ఎండ లేదు. టెంట్లు నిండాయి. మా చెల్లెలు ఫోన్లు తక్కువ చేసింది. నేనూ చెయ్యలేదు. చేసి ఏం అడుగుతాను? చచ్చాయా అని అడుగుతానా?

ఒక పొద్దున అదే చేసింది.

"అక్కా, నల్లపెట్ట పోనాది."

వెనక మా మరిది గొంతు. "మల్లీ మొదలైనాది. సెప్పానా?"

"దాని నోరు తెరిచి చూడు," అన్నాను.

"ఏటి?"

"నోరు తెరిచి చూడవే. చీమిడి ఉందా? గొంతులో తెమడ ఉందా? ఈకల కింద తడిగా ఉందా? జుట్టు నల్లబడిందా?"

అది కోడిని ఒళ్లో పెట్టుకుని చూసింది. ఫోన్ గూట్లో ఎక్కడో ఆనించింది కాబట్టి నాకు కప్పు మాత్రమే కనపడింది. కప్పు పొడిగా ఉంది.

"ఏటీ నేదు," అంది. "ఎర్రగానే ఉంది జుట్టు. ఒళ్లు పొడిగుంది."

"ఎన్నేళ్ల పెట్ట?"

"నా సిన్నకోడలు కాపరానికి వచ్చిన ఏడాదిది."

"అంటే ఎనిమిదేళ్లు దాటాయి. అది ముసలితనం. మిగతావి ఎలా ఉన్నాయి?"

ఆ మాటకి జవాబు మా మరిది ఇచ్చాడు. ఆయన ఒక్కొక్కదాన్నీ ఎత్తి, చెవి దగ్గర పెట్టుకుని వింటున్నాడట. నిరుటి గురగుర వస్తుందేమోనని. చివరిదాన్ని కింద పెట్టి ఫోన్ దగ్గరికి వచ్చాడు.

"నేదు," అన్నాడు. "బాగానే ఉన్నాయి."

"అయితే ముసలిదాన్ని పాతిపెట్టండి. ఊక ఇంకాస్త చల్లండి. సాయంత్రం జొన్నపొత్తుల గింజలు రెండు గుప్పిళ్లు ఎక్కువ వెయ్యండి," అని ఫోన్ పెట్టేశాను. పెట్టేశాక కాసేపు అక్కడే కూచున్నాను. కోడలు కాఫీ తెచ్చి నా పక్కన పెట్టింది.

ఆ తర్వాత ఇంకే కోడీ పోలేదు. ఒక కుర్ర పుంజుకి మాత్రం జుట్టు కొసన ఆవగింజంత నలుపు పట్టింది. అది అందరికన్నా పైకెక్కి, సందుకి ముక్కు ఆనించి కూచుంటుందట. దాని పొగరుకి గూడేం చేస్తుంది? పలకలన్నీ ఒకే ఎత్తున వేస్తే పైకెక్కే పని ఉండదని చెప్పాను. మర్నాటికి సరిచేశారు.

చలి సడలేలోపు మంచు బాగా పడిన రోజు ఇంకోసారి మాట్లాడుకున్నాం. దొడ్డి నిండా తెల్లగా ఉంది. గూటి తలుపు తెరిచే ఉంది. కోళ్లు గడప దాకా వచ్చి, ఒక కాలు కింద పెట్టి, వెంటనే పైకి తీసుకుని, మళ్లీ లోపలికి తిరుగుతున్నాయి.

"బయటికి రానంటన్నాయి అక్కా. నేల సల్లగా ఉందట."

"ఆకలైతే అవే వస్తాయి. గారాబం చెయ్యకు."

"నానెక్కడ సేస్తన్నాను?" అని ఫోన్ పక్కకి తిప్పింది.

మా మరిది మంకీ టోపీ పెట్టుకుని, పొడుగు చీపురుతో గూటి గడప నుంచి దాణా పళ్లెం దాకా దారి పొడుగునా మంచు ఊడుస్తున్నాడు. దొడ్డి గోడ అవతల టెంటువాళ్లు ఇద్దరు నిలబడి ఆయన్ని ఫొటో తీస్తున్నారు. దొడ్డి చివర నాలుగు టెంటు మేకులు ఉండేవి, కోళ్లు పోతే టెంట్లు వెయ్యడానికని ఆయన ముందే పాతి పెట్టినవి. అవి కనపడలేదు. అడిగితే, రోడ్డు వార ఎవరిదో పోడు భూమి కౌలుకి తీసుకున్నాడని, టెంట్లు అక్కడికి పోతాయని మా చెల్లెలు చెప్పింది. చెప్పేటప్పుడు గొంతు తగ్గించింది. గెలిచినట్టు వినపడకూడదని.

దారి ఊడ్చాక ఆయన చీపురు గోడకి ఆనించి పక్కకి జరిగాడు. ముందు కుర్ర పుంజు దిగింది. దాని వెనక పెట్టలు ఒక్కొక్కటే, ఊడ్చిన చోటే అడుగేస్తూ.